లెక్కల ట్యూషన్: మనం కట్టే ఫీజెంత, పిల్లలకు దక్కేదెంత

జూన్ 12న బడులు తెరిచిన వారానికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఏడో తరగతికి మంచి మ్యాథ్స్ సార్ ఎవరైనా ఉన్నారా? ఎంత తీసుకుంటారు?" జవాబులు కూడా వెంటనే వస్తాయి. ఒకరు పన్నెండు వందలు అంటారు, ఇంకొకరు ఐదు వేలు అంటారు, మరొకరు ఏడాదికి ముప్పై వేల ప్యాకేజీ లింకు పెడతారు. ఈ మూడూ మూడు వేర్వేరు సరుకులు. నెల ఫీజు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది చవకో, ఏది ఖరీదో ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు పాఠం వినడానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ అధ్యాయం వీడియోలు వస్తాయి. తెలంగాణలో టీ-శాట్ విద్య ఛానల్ ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ ఉచితంగా దిగుతాయి. యూట్యూబ్‌లో ఒక్కో అధ్యాయానికి పదిమంది తెలుగు సార్లు చెప్పిన పాఠాలున్నాయి. ఉచితంగా దొరకనిది ఒక్కటే: పిల్ల నోట్‌బుక్‌లో చేసిన లెక్కను పక్కన కూర్చుని చూసి, ఏ స్టెప్పు దగ్గర తప్పిందో పట్టుకుని, మళ్లీ దానిచేతే చేయించే మనిషి. ట్యూషన్ ఫీజు ఆ మనిషి సమయానికి కడుతున్నాం. కాబట్టి పోల్చాల్సింది నెలలో మన పిల్ల నోట్‌బుక్ మీద ఆ మనిషి కన్ను ఎన్ని నిమిషాలు నిలుస్తుందన్నది. వాటిని దిద్దుబాటు నిమిషాలు అనుకుందాం.

నిమిషాల లెక్క

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల మామూలుగా వినిపించే ఫీజులనే ఉదాహరణగా తీసుకుందాం. మీ కాలనీలో అటూ ఇటూ ఉంటాయి. మీ అంకెలు వేసుకుని ఇదే పద్ధతిలో చూడండి.

హోమ్ ట్యూషన్, నెలకు 5,000, వారానికి మూడు రోజులు, రోజుకు గంట. కాగితం మీద 13 క్లాసులు. ఒకరోజు సార్ రాలేదు, ఒకరోజు మీరు పెళ్లికి వెళ్లారు, ఒకరోజు బడిలో పరీక్ష. చేతికి వచ్చేవి 10. అంటే గంటకు 500. ఆ గంటలో పలకరింపులు, పుస్తకం వెతుక్కోవడం, పాఠం చెప్పడం పోగా 40 నిమిషాలు పిల్ల చేసే లెక్క మీద నిలుస్తాయి. పది క్లాసులకు 400 నిమిషాలు. గంట దిద్దుబాటుకు 750 రూపాయలు పడింది.

వీధి చివర బ్యాచ్ ట్యూషన్, నెలకు 1,200, ఆదివారం తప్ప రోజూ గంటన్నర. 26 రోజులు, 39 గంటలు, గంటకు ముప్పై రూపాయలు. చూడ్డానికి ఎంతో చవక. కానీ ఆ గదిలో ఆరు నుంచి పది దాకా అన్ని తరగతుల పిల్లలు 15 మంది ఉన్నారనుకోండి. 90 నిమిషాలను 15 మందికి పంచితే తలా 6 నిమిషాలు. నెలకు 156 నిమిషాలు. గంట దిద్దుబాటు 460 పైచిలుకు పడింది. హోమ్ ట్యూషన్ కంటే తక్కువే, కానీ ఫీజుల్లో కనిపించిన నాలుగింతల తేడా ఇక్కడ లేదు. పైగా అదే గదిలో 25 మంది ఉంటే మన పిల్ల వాటా నాలుగు నిమిషాల లోపుకు దిగి, గంట దిద్దుబాటు 770 దగ్గరికి చేరుతుంది.

ముగ్గురు పిల్లల బ్యాచ్: ఒకే తరగతి, ఒకే సిలబస్. ముగ్గురు తల్లిదండ్రులు తలా 2,000 వేసుకుని ఒక సార్‌ను మాట్లాడుకున్నారు. నెలకు 12 క్లాసులు, క్లాసుకు 75 నిమిషాలు. తలా 25 నిమిషాలు, నెలకు 5 గంటలు. గంట దిద్దుబాటు 400. సార్‌కు ఒక ఇంట్లోనే 6,000 వస్తుంది కాబట్టి ఆయనా మానడు. ఒకరి లెక్క దిద్దుతుంటే మిగతా ఇద్దరూ చేస్తూనే ఉంటారు, కూర్చున్న సమయం వృథా పోదు. మా అభిప్రాయంలో ఆరు నుంచి పది వరకు మామూలుగా చదివే పిల్లలకు డబ్బుకు తగ్గ ఫలం దీనిలోనే ఎక్కువ. దీన్ని కుదుర్చుకోవడం మాత్రం ఓపిక పని. ముగ్గురిలో ఒకరు బాగా ముందున్నా, ఒకరు బాగా వెనకబడినా బ్యాచ్ నిలవదు. మొదలుపెట్టే ముందు ముగ్గురి చేతా ఒకే పరీక్ష రాయించి చూడండి.

ఆన్‌లైన్‌లో ఒకరికి ఒకరు, గంటకు 400, నెలకు 12 క్లాసులు, 4,800. ప్రయాణం లేదు, సార్ మానడం తక్కువ. గంటలో 45 నిమిషాలు దిద్దుబాటుకు దక్కితే గంటకు 530 పడుతుంది. అయితే ల్యాప్‌టాప్ కెమెరాకు పిల్ల ముఖం కనిపిస్తుంది, నోట్‌బుక్ కనిపించదు. "అయిందా? ఎంత వచ్చింది?" అని సార్ అడుగుతాడు, పిల్ల జవాబు చెబుతుంది, తప్పయితే సార్ తన తెరమీద మొత్తం చేసి చూపిస్తాడు. అది మళ్లీ పాఠం వినడమే. రెండు మూడు వందల ఫోన్ స్టాండ్ ఒకటి కొని, ఇంట్లో పాత ఫోన్‌ను పైనుంచి నోట్‌బుక్ మీదకు పెట్టి, అదే క్లాసులో రెండో లాగిన్‌గా కలపండి. ఇంత చిన్న ఏర్పాటు లేకపోతే ఆన్‌లైన్ ట్యూషన్ విలువ సగానికి సగం పడిపోతుంది.

రికార్డు చేసిన వీడియోల ప్యాకేజీల్లో దిద్దుబాటు నిమిషాలు సున్నా. "డౌట్ సాల్వింగ్ ఉంది" అంటారు. అంటే పిల్ల తన డౌట్ ఏమిటో గుర్తించి, ఫొటో తీసి పంపాలి. లెక్కల్లో వెనకబడ్డ పిల్లకు తన డౌట్ ఏమిటో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. తనంతట తాను కూర్చుని చదువుకునే పిల్లకు ఇవి పనికొస్తాయి, అలాంటి పిల్లకు ఉచితంగా దొరికేవీ సరిపోతాయి.

ముందు గుంట ఎక్కడుందో చూడండి

ఫీజు మాట్లాడే ముందు ఒక ఆదివారం ఉదయం గంటన్నర దీనికి కేటాయించండి. పిల్ల చదివే తరగతికి రెండు తరగతుల కింది పుస్తకం తీసుకోండి. ఎనిమిది చదివితే ఆరోది. ఇరవై లెక్కలు ఎంచండి: గుణకారాలు, భాగహారాలు నాలుగు, భిన్నాలు, దశాంశాలు నాలుగు, ఋణ సంఖ్యలు నాలుగు, చిన్న సమీకరణాలు నాలుగు, మాటల్లో ఇచ్చే లెక్కలు నాలుగు. టైము పెట్టొద్దు, సాయం చేయొద్దు. రబ్బరు తీసేయండి, తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాయమనండి. మనకు కావాల్సింది ఆ కొట్టేసినవే.

3/4 + 1/5 కి 4/9 రాసిందనుకోండి. పైవి పైవి, కిందివి కిందివి కలిపేసింది. అంటే భిన్నం అనేది ఒకే సంఖ్య అన్న ఊహ ఇంకా కుదరలేదు. 8 - (3 - 5) కి 10 బదులు 0 వచ్చిందంటే బ్రాకెట్ ముందు మైనస్ లోపలి గుర్తును మారుస్తుందని తెలియలేదు. 2ఎక్స్ + 5 = 11 లోంచి 2ఎక్స్ = 16 రాసిందంటే "అటు పంపడం" కంఠతా వచ్చింది, ఎందుకు పంపుతున్నామో రాలేదు. ఇవి భావం దగ్గర పడ్డ గుంటలు. వీటికి ఒకరికి ఒకరు లేదా ముగ్గురి బ్యాచ్ కావాలి. బ్యాచ్ ట్యూషన్‌లో ఆరు నిమిషాల్లో ఇవి బయటపడవు.

పద్ధతి అంతా సరిగ్గా ఉండి 7 × 8 దగ్గర, 56ని 54 రాయడం దగ్గర తప్పుతుంటే దానికి ఐదు వేల సార్ అక్కర్లేదు. రోజూ పావుగంట ఎక్కాలు, ఇరవై చిన్న లెక్కలు. ఇంట్లో ఎవరైనా చేయించవచ్చు, లేదా పక్కింటి డిగ్రీ అమ్మాయికి నెలకు పదిహేను వందలిచ్చి చేయించవచ్చు.

మాటల లెక్కలు నాలుగూ వదిలేసిందంటే, లెక్క రాకనా లేక ఇంగ్లీషు వాక్యం అర్థంకాకనా అన్నది చూడాలి. అదే లెక్కను తెలుగులో చదివి వినిపించండి. "ఒక సంఖ్య రెట్టింపులోంచి 5 తీసేస్తే 17 వచ్చింది" అని చెప్పగానే 11 అని చెప్పిందంటే లెక్కల్లో లోటు లేదు. ఇంగ్లీషులో "5 లెస్ దాన్ ట్వైస్ ఎ నంబర్" అన్నప్పుడు 5ని ముందు రాసి రెట్టింపును దాంట్లోంచి తీసేస్తుంది, అంతే. ఇలాంటి పిల్లకు రెండు భాషల్లో వాక్యాన్ని విడగొట్టి చూపే సార్ కావాలి. గడగడా ఇంగ్లీషులో మాత్రమే చెప్పే ఖరీదైన సార్ వల్ల ఈ పిల్లకు లాభం తక్కువ.

ఇరవైలో పదహారు సరిగ్గా వచ్చి బడి పరీక్షల్లో మాత్రం మార్కులు రాకపోతే, వేగం లేదా రాసే తీరు. టెస్ట్ సిరీస్ ఉన్న బ్యాచ్ సరిపోతుంది. ఇంకొకటి: ట్యూషన్ పెట్టకముందే కళ్ల పరీక్ష చేయించండి. బోర్డు కనపడక వెనకబడ్డ పిల్లకు ఎంత మంచి సార్‌ను పెట్టినా బడిలో కథ అదే. ఐదో తరగతికి వచ్చినా ఏ సంఖ్య పెద్దదో తడుముకుంటూ, చిన్న కూడికలకు ఇంకా వేళ్లు లెక్కపెడుతూ, మిగతా సబ్జెక్టుల్లో బాగానే ఉంటే డిస్కాల్క్యులియా (లెక్కలు నేర్చుకోవడంలో వైకల్యం) ఉందేమో నిపుణుల చేత చూపించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో అదీ ఉంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లు అడగవచ్చు.

ఎవరి చేత చెప్పించాలి

బీటెక్, డిగ్రీ చదివే పిల్లలు నెలకు పదిహేను వందల నుంచి మూడు వేలకు వస్తారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సాధనకు బాగా పనికొస్తారు, పిల్లలు వాళ్ల దగ్గర భయం లేకుండా అడుగుతారు. కానీ వాళ్ల సెమిస్టర్ పరీక్షలు, మన పిల్లల ఎస్‌ఏ (టర్మ్ చివరి) పరీక్షలు ఒకే సమయంలో వస్తే మనకు సెలవు పెడతారు. పదో తరగతికి వీరి మీద ఆధారపడటం మంచిది కాదు. వాళ్లకు లెక్క వచ్చు, కానీ పదో తరగతిలో ఏ స్టెప్పుకు మార్కు పడుతుందో తెలియదు. ఎంసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, ఇప్పుడు ఈఏపీసెట్) అలవాటుతో మధ్యలో రెండు మెట్లు దాటేసి జవాబు రాయిస్తారు, అక్కడ మార్కు పోతుంది.

ప్రైవేటు బడిలో పనిచేసే బీఈడీ టీచర్లు సాయంత్రాలు చెబుతారు. తొమ్మిది, పది తరగతులకు నాలుగు నుంచి ఎనిమిది వేలు అడుగుతారు. వీరి బలం ప్రశ్నపత్రం మీద పట్టు. బలహీనత ఒకటే: పొద్దుటి నుంచి ఆరేడు పీరియడ్లు చెప్పి, మన ఇంటికి వచ్చేసరికి రాత్రి ఏడున్నర. ఆయన రోజులో మనది ఎన్నో ట్యూషనో అడగండి. నాలుగోది అయితే వేరే టైము చూడండి.

రిటైరైన లెక్కల మాస్టారు మీ దగ్గరలో దొరికితే వదలకండి. పిల్లనే వాళ్లింటికి పంపాల్సి రావచ్చు, దాంతో ఫీజు కూడా తగ్గుతుంది. అయితే సిలబస్ మారిందేమో ఆయన చేతికి ఈ ఏటి పుస్తకం ఇచ్చి చూపించండి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు మారింది, తెలంగాణ రాష్ట్ర సిలబస్ తన పుస్తకాలతోనే నడుస్తోంది. సీబీఎస్‌ఈలో పదో తరగతి లెక్కలు స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాలు. ఇంటర్‌లో ఎంపీసీ ఆలోచన ఉంటే స్టాండర్డ్‌కు తయారుచేసే సార్ కావాలి, ఈ సంగతి మొదటిరోజే చెప్పండి.

మన పిల్లకు బడిలో చెప్పే టీచరునే ట్యూషన్ అడగడం చాలామంది చేసే పని. విద్యాహక్కు చట్టం, 2009లోని 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అంటుంది. ప్రభుత్వ టీచరును ఇరకాటంలో పెట్టకండి. ప్రైవేటు బడిలోనైనా తరగతిలో చెప్పాల్సింది ట్యూషన్‌లో చెప్పే అలవాటుకు అది దారి తీస్తుంది.

ఏజెన్సీలు, యాప్‌ల ద్వారా సార్‌ను పెట్టుకుంటే మనం కట్టిన దాంట్లో కొంత కమీషన్‌గా పోతుంది, కొన్నిచోట్ల మొదటి నెలలో సగం దాకా. అందుకే మొదటి నెల అయ్యాక సార్ మారిపోవడం మామూలు. "నాకు చేరేది ఇంత" అని సార్ నోటినుంచే వినండి. ఏజెన్సీని అడగాల్సింది: ఈ సార్ మానితే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారు, మళ్లీ రిజిస్ట్రేషన్ ఫీజు ఉందా.

అబాకస్, వేదిక్ మ్యాథ్స్ క్లాసుల గురించి చాలామంది అడుగుతారు. అవి కూడికలు, గుణకారాలు వేగంగా చేయడం నేర్పుతాయి. ఏడో తరగతి బీజగణితంలో, భిన్నాల్లో వెనకబడ్డ పిల్లకు ఆ డబ్బు అక్కడ పెట్టకండి. ఐఐటీ ఫౌండేషన్ కూడా అంతే. బడి లెక్కల్లో 80 శాతం దాటని పిల్లకు ఫౌండేషన్ పుస్తకం కోసం మళ్లీ ట్యూషన్ పెట్టడం పునాది లేకుండా మేడ కట్టడమే.

డెమో క్లాసులో ఏం చూడాలి

డెమోలో సార్లు తమకు బాగా వచ్చిన అధ్యాయం ఎత్తుకుంటారు, గోడకు వేలాడే బోర్డు మీద చక్కగా చెప్తారు, మనం ముగ్ధులమవుతాం. ఆ అవకాశం ఇవ్వకండి. మీరు ఆదివారం రాయించిన కాగితం ఆయన చేతిలో పెట్టి, "ఈ తప్పుల మీద ఈ గంట చెప్పండి" అనండి. వినపడేంత దూరంలో కూర్చోండి. గడియారం చూస్తూ పెన్సిల్ ఎవరి చేతిలో ఎంతసేపు ఉందో గమనించండి. సగానికి పైగా పిల్ల చేతిలో ఉండాలి.

తప్పు వచ్చినప్పుడు సార్ ఏం చేస్తాడన్నది అన్నిటికంటే ముఖ్యం. పై 4/9 లెక్కనే చూడండి. ఒక సార్ "అలా కాదమ్మా, లసాగు 20, పైన 15 ప్లస్ 4, 19/20" అని తనే రాసేస్తాడు. పిల్ల తలూపుతుంది. ఇంకొక మేడమ్ "3/4 సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడుగుతుంది. "ఎక్కువ." "మరి 4/9?" పిల్ల ఆలోచిస్తుంది, తొమ్మిదిలో సగం నాలుగున్నర, "తక్కువ." "సగం కంటే ఎక్కువ ఉన్నదానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందా?" అక్కడ పిల్ల తనే పెన్సిల్ తీసుకుని కొట్టేస్తుంది. లసాగు ఆ తర్వాత వస్తుంది. రెండో ఆమె వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగినా ఆమెనే పెట్టుకోండి.

డెమో చివర రెండే ప్రశ్నలు: మొదటి నెలలో ఏ అధ్యాయాలు, ఏ వరుసలో చేయిస్తారు? ఇప్పుడు ఎవరికి చెబుతున్నారు, వారిలో ఇద్దరి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఇస్తారా? రెండోది అడగడానికి మొహమాటపడకండి. ఆధార్ కాపీ తీసుకోవడం, ట్యూషన్ హాల్లోనే, తలుపు తెరిచి, పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే జరిపించడం ఎవరి విషయంలోనైనా తప్పనిసరి.

డబ్బు మాట్లాడుకునే తీరు

నెలకు ఇంత అని కాకుండా 12 క్లాసులకు ఇంత అని మాట్లాడుకోండి. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు వచ్చిన నెలల్లో గొడవంతా దీని గురించే. సెలవుల్లో ఊరెళ్లి వచ్చేసరికి ఆరు క్లాసులే అయ్యాయి, సార్ పూర్తి ఫీజు అడుగుతాడు, ఆయన వైపునుంచి చూస్తే అదీ న్యాయమే, ఆయన ఆ టైము మీకోసం ఖాళీగా ఉంచాడు. క్లాసుల లెక్కన మాట్లాడుకుంటే ఇద్దరికీ బాధ లేదు. నోట్‌బుక్ చివరి పేజీలో తేదీ, వచ్చిన టైము, వెళ్లిన టైము, చేసిన అధ్యాయం, ఎన్ని లెక్కలు అని గీతలు కొట్టి ప్రతిరోజూ సార్ చేత సంతకం పెట్టించండి. పన్నెండు నిండిన రోజున ఫీజు చేతిలో పెట్టండి, ఒక్క రోజు కూడా ఆపకండి.

ఫీజు తగ్గించమని బేరమాడే బదులు సార్ ప్రయాణం తగ్గించండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంట క్లాసుకు గంట రోడ్డు మీద పోతుంది. గంట చొప్పున మూడు రోజులకు బదులు గంటన్నర చొప్పున రెండు రోజులంటే చాలామంది ఫీజు తగ్గించడానికి ఒప్పుకుంటారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది బాగుంటుంది, ఆరో తరగతి పిల్ల మాత్రం గంటన్నర కూర్చోలేదు. అన్నాచెల్లెళ్లు ఇద్దరికీ కలిపితే రెండోవారికి సగం ఫీజు దగ్గర తెగుతుంది, కానీ అదే గంటలో ఇద్దరినీ కూర్చోబెడితే నిమిషాలు సగమయ్యాయని గుర్తుంచుకోండి.

ఏడాది ఫీజు ముందే కడితే ఇరవై శాతం తగ్గింపు అంటే వద్దనండి. కోచింగ్ సెంటర్లు, కంపెనీలు చెప్పే ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో అడగండి; 30,000 అన్నది 35,400 అవుతుంది. ఏటా 20 లక్షల లోపు రాబడి ఉన్న ఒంటరి ట్యూటర్‌కు ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "నో కాస్ట్ ఈఎంఐ" అంటే చాలావరకు మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పిల్ల రెండో నెలలో మానేసినా కిస్తీ ఆగదు, ఆపితే మీ క్రెడిట్ స్కోరు పడుతుంది. సంతకం పెట్టే ముందు రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులో రాతలో తీసుకోండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 50 మందికి మించిన కోచింగ్ సెంటర్లు, పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానితే మిగిలిన కాలానికి తగ్గ డబ్బు 10 రోజుల్లో తిరిగివ్వాలి, 16 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకోకూడదు. వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు, అయినా అడిగేటప్పుడు ఈ మాట ఎత్తండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఎక్కడ బెడిసికొడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది: ట్యూషన్ సార్ బడి హోమ్‌వర్క్ చేయించేయడం. బడిలో హోమ్‌వర్క్ అడుగుతారు, ఇంట్లో అమ్మ "హోమ్‌వర్క్ అయిందా?" అని అడుగుతుంది, సార్‌కు అది పూర్తయితే అందరూ సంతోషిస్తారని తెలుసు. నోట్‌బుక్ కళకళలాడుతుంది, పరీక్షలో 35 వస్తుంది. హోమ్‌వర్క్‌కు పావుగంటే, అదీ పిల్ల చేయలేకపోయిన లెక్కలకే అని మొదటిరోజే చెప్పండి.

రెండోది అలసట. బడి, స్టడీ అవర్స్ అయ్యి ఆరున్నరకు ఇల్లు చేరే పిల్లకు ఏడింటికి ట్యూషన్ పెడితే కట్టిన ఫీజులో సగం ఆవులింతలకే పోతుంది. అలాంటి పిల్లలకు శని, ఆదివారాల ఉదయాలు రెండు క్లాసులు చాలు. లేదా స్టడీ అవర్స్ మాన్పించండి.

మూడోది ఆలస్యం. పదో తరగతి అనగానే ఏడాదికి 45,000 పెట్టడానికి సిద్ధపడేవాళ్లు ఏడో తరగతిలో పది పన్నెండు వేలు పెట్టడానికి వెనకాడతారు. పదిలో వర్గ సమీకరణం దగ్గర ఆగే పిల్ల ఎక్కువసార్లు ఆగేది ఋణ సంఖ్యల దగ్గర, భిన్నాల దగ్గర. ఆ గుంటను ఏడో తరగతి వేసవిలో వారానికి నాలుగు క్లాసులతో రెండు నెలల్లో పూడ్చవచ్చు, పది పన్నెండు వేలు అవుతాయి. పదిలో డిసెంబరు నాటికి తెలిస్తే అప్పుడు పూడ్చే సమయం ఉండదు. అప్పుడు చేయగలిగింది వచ్చిన అధ్యాయాలను గట్టి చేసుకుని, పాత ప్రశ్నపత్రాలు వారానికి రెండు రాయించడమే. ఆ మూడు నెలలకు "నూటికి తొంభై గ్యారంటీ" అని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి.

ట్యూషన్ పనిచేస్తోందో లేదో ఎఫ్‌ఏ (బడిలో మధ్యమధ్యలో వేసే) మార్కులతో చూడకండి, అందులో ప్రాజెక్టు, నోట్‌బుక్ మార్కులు కలిసి ఉంటాయి. నాలుగు వారాలకు మీ ఆదివారం కాగితం తరహాలోనే అంకెలు మార్చి ఇంకో ఇరవై లెక్కలు రాయించండి. పాత తప్పుల్లో సగమైనా పోవాలి. ఎనిమిది వారాలకూ అవే తప్పులుంటే సార్ మంచివాడా కాదా అన్న చర్చ అక్కర్లేదు, మర్యాదగా ఆపేసి ఇంకొకరిని చూడండి.

విదేశాల్లో ఉన్నవారికి

అమెరికాలో గంటకు అడిగే డాలర్లు చూసి హైదరాబాద్ సార్‌ను ఆన్‌లైన్‌లో పెట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. డబ్బు కలిసొస్తుంది, చిక్కంతా టైము దగ్గర. తూర్పు తీరంలో వేసవిలో సాయంత్రం 7 అంటే ఇక్కడ తెల్లవారుజాము 4:30, నవంబరులో గడియారం వెనక్కి తిప్పాక 5:30. నిద్రమత్తులో చెప్పే సార్ కంటే శనివారం ఉదయం 9 గంటల క్లాసు మేలు. వేసవిలో అది ఇక్కడ సాయంత్రం 6:30. టైము ఎవరి గడియారం ప్రకారమో ముందే తేల్చుకోండి. అక్కడి బడిలో భిన్నాలు, భాగహారం బొమ్మలు గీసి చేయిస్తారు. సార్ మన పద్ధతి ఒక్కటే నేర్పితే పిల్లకు జవాబు వస్తుంది, బడిలో మార్కు రాదు. ప్రతి వారం బడి వర్క్‌షీటు ఫొటో సార్‌కు పంపండి. దుబాయ్‌లో సీబీఎస్‌ఈ బడిలో చదివే పిల్లలకు ఈ చిక్కులేవీ లేవు. గంటన్నర తేడా, అదే పుస్తకం.

మాన్పించడం

ట్యూషన్ ఎప్పుడు ఆపాలో కూడా మొదట్లోనే సార్‌తో అనుకోండి. ఇరవైలో పదిహేడు సొంతంగా వస్తున్నాయంటే మూడు రోజులను రెండు చేయండి, నెలన్నర చూసి ఒకటి చేయండి. ఆ ఒక్క రోజు సార్ కొత్తగా ఏమీ చెప్పకూడదు, వారమంతా పిల్ల ఒంటరిగా చేసిన లెక్కల్ని దిద్దాలి, అంతే. వారానికి ఒక క్లాసుకు నెలకు రెండు వేలు అవుతాయి. చాలామంది పిల్లలకు పదో తరగతి దాకా అది చాలు. పరీక్షకు ముందు నెల మాత్రం మళ్లీ రెండు రోజులకు పెంచుకోండి, ఆ నెలకు సార్‌కు వేరే పిల్లలు కుదరకముందే, నవంబరులోనే మాట తీసుకోండి.